ముందరి కాళ్ళ బంధం

18, 19 శతాబ్దాల ఇంగ్లండు వేట చిత్రాలు చూసినవాళ్ళకు ఒక భంగిమ గుర్తుండిపోతుంది. గుర్రం పొదకంచె మీదుగా గాల్లో ఉంటుంది. ముందు కాళ్ళు ముందుకీ, వెనక కాళ్ళు వెనక్కీ బారజాపి ఉంటాయి. దాని మీది రౌతు మాత్రం వీపు దాదాపు గుర్రం పిరుదులకు ఆనేలా వెనక్కి వాలి, పాదాలు ముందుకు తన్నిపెట్టి, ఒక చేత్తో పగ్గాలు బిగబట్టి, రెండో చెయ్యి గాల్లోకి ఎత్తి ఉంటాడు. గుర్రం కాళ్ళ విషయంలో చిత్రకారుడు పొరబడి ఉండవచ్చు గానీ రౌతు విషయంలో కాదు. అప్పట్లో నిజంగానే అలా కూర్చునేవారు, అలాగే కూర్చోవాలని నేర్పేవారు. దానికి వాళ్ళు చెప్పిన కారణం కూడా వినడానికి బాగానే ఉంటుంది. గుర్రం ముందు కాళ్ళు సన్నవి, కంచె దాటి దిగేటప్పుడు బరువంతా వాటి మీద పడితే దెబ్బతింటాయి, కాబట్టి రౌతు వెనక్కి వాలి, పగ్గాలతో తల పైకెత్తించి, వెనక కాళ్ళ మీదో నాలుగు కాళ్ళ మీదో దిగేట్టు చూసుకోవాలి. ముందు కాళ్ళ మీద జాలితో పుట్టిన ఈ పద్ధతే వాటికి బంధమైంది. దూకేటప్పుడు గుర్రం ముందు కాళ్ళను ఎంత చురుగ్గా ఎత్తుతుంది, మోకాళ్ళను ఎంత బిగువుగా మడుస్తుంది అన్నదాన్ని బట్టే ఇవాళ షో జంపింగ్ గుర్రానికి వెల కడుతున్నారు. ఆ పనిని మెరుగుపరచడానికి మనుషులు నూటపాతికేళ్ళుగా చేసిన ప్రయత్నాలన్నీ వరసగా పేర్చి చూస్తే నాకు కనిపించేది ఇది: కాళ్ళకు నేరుగా నేర్పబోయిన ప్రతిసారీ మనిషి విఫలమయ్యాడు. తాను అడ్డు తప్పుకుని, నేర్పే పనిని నేల మీద కొలిచి పరిచిన కర్రలకు అప్పగించినప్పుడే కాళ్ళు లేచాయి.

యూరప్‌లో స్వారీ శాస్త్రం అడ్డంకులు దాటడం కోసం పుట్టలేదు. 1733లో ఫ్రెంచి అశ్వశిక్షకుడు గెరినియేర్ ప్రకటించిన గ్రంథం ఇప్పటికీ డ్రెసాజ్ విద్యకు ఆధారం. అందులో గుర్రం బరువును వెనక కాళ్ళ మీదికి తీసుకుని, ముందు భాగాన్ని తేలిక చేసుకుని, ఒడుపుగా తిరగడమే ముఖ్యం. గాల్లోకి ఎగిరే విద్యలు ఉండేవి గానీ, అవి శిక్షణశాల నాలుగు గోడల మధ్య ఎగిరి దిగేవి. దాటవలసిన కంచె ఏదీ ఉండేది కాదు. కంచెను తెచ్చింది ఇంగ్లండు పార్లమెంటు. 18వ శతాబ్దం నడిమి నుంచి వరసపెట్టి వచ్చిన ఎన్‌క్లోజర్ చట్టాలు ఊరుమ్మడి పొలాలనూ బీళ్ళనూ సొంత కమతాలుగా విడగొట్టాయి. కమతం చుట్టూ ముళ్ళపొద, దాని పక్కన కాలవ వెలిశాయి. నక్క వెంటపడిన కుక్కలు పొద సందుల్లోంచి దూరిపోతే వాటి వెనకున్న రౌతుకు దూకడం తప్ప దారి లేకపోయింది. పేదవాడికి మేతబీడు పోయింది, దొరకు కొత్త ఆట దొరికింది. 1868లో రాయల్ డబ్లిన్ సొసైటీ తన ప్రదర్శనలో ఎత్తు దూకుడికీ పొడవు దూకుడికీ పోటీలు పెట్టేనాటికి ఆ అవసరం వినోదమైంది. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో గుర్రపు హైజంప్ కూడా ఉండింది. ఒక ఫ్రెంచి రౌతూ ఒక ఇటలీ రౌతూ 1.85 మీటర్లు దాటించి మొదటి స్థానం పంచుకున్నారు. ఆట మారింది, అడ్డు మారింది. స్వారీ పాఠశాలల్లో చెప్పే కూర్చునే తీరు మాత్రం చాలావరకు పాతదే.

ఆ తీరులో తప్పెక్కడుందో తెలియాలంటే గుర్రం భుజాన్ని చూడాలి. మనకు మెడ కింద, రొమ్ము పైభాగాన అడ్డంగా ఉండే జత్రుక ఎముక గుర్రానికి లేదు. దాని ముందు కాళ్ళు మొండేనికి ఎముకతో ఎక్కడా అతుక్కుని ఉండవు. రెండు భుజఫలకాల నడుమ మొండెం కండరాల పట్టు మీద వేలాడుతుంటుంది. దూకబోయే ముందు చివరి అంగలో ముందు కాళ్ళు నేలను తన్ని ఆ మొండేన్ని పైకి నెడతాయి, తర్వాతే వెనక కాళ్ళు వచ్చి అసలు తోపు ఇస్తాయి. ముందు కాళ్ళు నేల విడిచిన క్షణం నుంచి భుజఫలకం తిరగాలి, మోచెయ్యి ముందుకు రావాలి, ముంజెయ్యి నేలకు సమాంతరమయ్యేదాకా లేవాలి, మోకాలు మడవాలి. ఇదంతా జరగాలంటే మెడ ముందుకీ కిందికీ సాగాలి, వీపు విల్లులా వంగాలి. సరిగ్గా అప్పుడే రౌతు నోటి కళ్ళేన్ని లాగి తల పైకెత్తిస్తే వీపు గుంటపడుతుంది, భుజం బిగుసుకుంటుంది, మోకాళ్ళు కిందికి వేలాడతాయి. పైనుంచి రౌతు బరువు నడుము మీద పడి వెనక కాళ్ళను కూడా కంచె మీదికి దించుతుంది. విరిగిపడే కర్ర అయితే కర్రే పోతుంది. గట్టి దుంగ అయితే వేలాడే మోకాలు దానికి తగిలి గుర్రం పల్టీ కొడుతుంది. ముందు కాళ్ళను కాపాడబోయిన చెయ్యే వాటిని ప్రమాదంలోకి నెట్టిందన్న మాట.

పోనీ, వెనక్కి వాలినందువల్ల గుర్రం వెనక కాళ్ళ మీద దిగిందా? 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరస కెమెరాలతో పరుగెత్తే గుర్రాన్ని ఫొటోలు తీశాడు. 1887లో 781 పలకలతో అచ్చయిన ఆయన సంపుటంలో కంచె దూకే గుర్రాల వరసలు కూడా ఉన్నాయి. గుర్రం ముందు కాళ్ళ మీదే, ఒకదాని తర్వాత ఒకటిగా దిగుతుందని వాటిలో ఎవరికైనా కనిపిస్తుంది. కంటికి అందని క్షణం కాగితం మీద నిలిచాక కూడా పాత పద్ధతి పాఠశాలల్లో మరో పదిహేనేళ్ళు చెక్కుచెదరకుండా నడిచింది. సాక్ష్యం ఒక్కటే అలవాటును మార్చలేదనడానికి ఇంతకన్నా ఏం కావాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది. అన్ని తరాల రౌతులు, అందులో అసాధ్యులైన వేటగాళ్ళూ సైనికులూ, ఇంత తప్పును గుర్తించలేనంత అమాయకులా? కాదు. వాళ్ళ లెక్క వేరు. వెనక్కి వాలినవాడు గుర్రం తొట్రుపడినా, కంచె ముందు చటుక్కున ఆగిపోయినా ఎగిరి ముందుకు పడడు. చీకటిలాంటి పొద అవతల కాలవ ఉందో గుంట ఉందో తెలియనప్పుడు ఆ జాగ్రత్తకు విలువుంది. ఆశ్వికదళ సైనికుడు ఒక చేత పగ్గాలూ ఒక చేత కత్తో బల్లెమో పట్టుకుని, పొడుగాటి రికాబుల్లో నిటారుగా కూర్చుని, వరస తప్పకుండా నడవాలి. అతనికి గుర్రం మడత మోకాళ్ళ కన్నా దాని అదుపు ముఖ్యం. అంటే ఆ పద్ధతి రౌతు క్షేమాన్ని చూసుకుంది, గుర్రం పనిని కాదు. పైగా అసలు విషయం ఎవరికీ తెలియదనీ అనలేం. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీకు సేనాని జెనొఫోన్ స్వారీ మీద రాసిన చిన్న పుస్తకంలో, గుర్రం కాలవ దూకేటప్పుడూ గట్టు ఎక్కేటప్పుడూ దాని జూలు పట్టుకోవడం మంచిదని చెప్పాడు. నేల ఇబ్బందికి తోడు కళ్ళెం ఇబ్బంది కూడా దానికి కలగకూడదన్నది ఆయన ఉద్దేశం. దూకడం రాని గుర్రాన్ని మొదట మనిషి తాడుతో పట్టుకుని, తానే ముందు దూకి నేర్పాలని కూడా రాశాడు. ఆయన కాలంలో జీనూ రికాబూ లేవు. ఉన్నవాళ్ళు మరిచిపోయిన విషయాన్ని లేనివాడు పట్టుకున్నాడు.

దాన్ని మళ్ళీ కనిపెట్టిన పేరు ఇటలీ ఆశ్వికదళ అధికారి ఫెదెరీకో కాప్రిల్లీకి దక్కింది. 1868లో లివోర్నోలో పుట్టిన కాప్రిల్లీ పినెరోలో ఆశ్వికదళ పాఠశాలలోనూ, రోమ్ దగ్గరి తోర్ ది క్వింతోలోనూ పనిచేశాడు. రౌతు లేకుండా వదిలిన గుర్రాలు ఎలా దూకుతున్నాయో గమనించి, రౌతు ఉన్నా అవి అలాగే దూకగలగాలి కదా అన్న చోట మొదలుపెట్టాడు. రికాబులు కురచ చేశాడు, రౌతును జీను మీంచి కొద్దిగా లేపి ముందుకు వంచాడు, చేతులు గుర్రం నోటి వెంట ముందుకు సాగాలన్నాడు. చూడ్డానికి రౌతు భంగిమలో చిన్న మార్పు. నిజానికి మార్పు గుర్రం మెడకూ భుజానికీ దొరికిన స్వేచ్ఛలో ఉంది. పై అధికారుల్లో చాలామందికి ఇది మింగుడుపడలేదు. ఆయన 1901లో ఒక సైనిక పత్రికలో తన సూత్రాలు క్లుప్తంగా ప్రకటించాడు. మరుసటి ఏడు తూరిన్‌లో జరిగిన అంతర్జాతీయ పోటీల్లో మెలోపో అనే గుర్రం మీద 2.08 మీటర్లు దాటించాడు. వాదన పత్రికలో గెలవలేదు గానీ మైదానంలో గెలిచింది. కొద్దికాలంలోనే ఆయన పద్ధతి ఇటలీ ఆశ్వికదళానికి అధికారిక పద్ధతి అయింది, పరదేశాల అధికారులు పినెరోలోకీ తోర్ ది క్వింతోకీ దారి కట్టారు. కాప్రిల్లీ మాత్రం దాన్నంతా చూడకుండానే, 1907 డిసెంబరులో, 39 ఏళ్ళకే గుర్రం మీదనుంచి పడి చనిపోయాడు. రాసింది కొద్ది పుటలే కావడంతో, ఆయన చెప్పింది ఏమిటన్నదాని మీద శిష్యులు దశాబ్దాల పాటు పోట్లాడుకున్నారు.

శిష్యుల ద్వారా ఆ పద్ధతి పాకిన తీరులో చరిత్ర వ్యంగ్యం ఒకటుంది. రష్యా అధికారి పాల్ రొద్జియాంకో ఇటలీలో నేర్చుకుని వెళ్ళాడు. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు లండన్ పోటీల్లో రష్యా జట్టు వరసగా మూడేళ్ళు కింగ్ ఎడ్వర్డ్ కప్పు గెలిచింది. విప్లవం తర్వాత దేశం విడిచిన ఆయనే 1928 నుంచి ఐర్లండు సైన్యపు స్వారీ పాఠశాలకు గురువయ్యాడు. అమెరికా సైనికాధికారి హారీ చేంబర్లిన్ తోర్ ది క్వింతోలో చదువుకుని 1932 లాస్ ఏంజిల్స్ ఒలింపిక్స్‌లో రజతం తెచ్చాడు. వీళ్ళంతా యుద్ధం కోసం నేర్చిన విద్య అది. కానీ యుద్ధంలో గుర్రానికి అప్పటికే చోటు పోతోంది. 1916 జూలై 14న ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధంలో హై వుడ్ దగ్గర బల్లేలతో దాడికి ఉరికిన దళాల్లో ఒకటి దక్కన్ హార్స్. హైదరాబాదు నిజాం సైన్యంలో మూలాలున్న రెజిమెంటు అది. పశ్చిమ రంగంలో మరఫిరంగుల ముందు గుర్రపు దాడి అరుదైన ఘట్టంగా మిగిలిపోయింది. కొలువు పోయిన ఆశ్వికదళం తన విద్యను పోటీ మైదానానికి మోసుకెళ్ళింది. అక్కడ గుర్రం దాటవలసింది కాలవలూ గట్లూ కాదు, కొలత ప్రకారం పెట్టిన రంగుల కర్రలు. సమస్య మారింది. కాప్రిల్లీ ఇచ్చిన జవాబు సగం మాత్రమేనని బయటపడింది అప్పుడే.

కాప్రిల్లీ నమ్మకం ప్రకృతి మీద. గుర్రానికి దూకడం తెలుసు, రౌతు దానికి అడ్డు రాకపోతే చాలు, శిక్షణశాలలో దాన్ని వంచి మెలితిప్పే వ్యాయామాలు దండగ అన్నది ఆయన వైఖరి. ఇది పొలాల్లో పరుగెత్తే సైనికాశ్వానికి సరిపోయింది. పోటీ గుర్రానికి చాలలేదు. ఎందుకంటే గుర్రం సహజంగా దూకే జంతువు కాదు, అడ్డు కనిపిస్తే పక్కనుంచి పోదామని చూసే జంతువు. తప్పనిసరై దూకినా ఎత్తు మీద పొదుపు చేయదు, లేదా పూర్తిగా బద్ధకిస్తుంది. రెండు అడ్డుల మధ్య సరిగ్గా ఇన్ని అంగలే పట్టే ఏర్పాటు అడవిలో ఎక్కడా ఉండదు. దానికి స్వేచ్ఛ ఇస్తే ఉన్న నేర్పు బయటికొస్తుంది, లేని బలమూ లెక్కా పుట్టవు. ముందు కాళ్ళు వేలాడడానికి రౌతు చెయ్యి ఒక్కటే కారణం కాదని శిక్షకులు క్రమంగా గుర్తించారు. బరువంతా ముందు భుజాల మీద వేసుకుని వచ్చే గుర్రానికి ఆఖరి క్షణంలో ఆ భుజాలను ఎత్తడానికి వ్యవధి ఉండదు. వేగంగా వచ్చేది చదునుగా, పొడవుగా దూకుతుంది. కంచెకు మరీ దూరం నుంచి లేచేది చేరుకోవడానికి కాళ్ళు చాపుతుంది. వంకరగా వచ్చేది ఒక మోకాలు ఎత్తి ఒకటి వదిలేస్తుంది. ఈ లోపాలన్నీ కంచె మీద కనిపిస్తాయి గానీ వాటి మూలాలు కంచెకు కొన్ని అంగల ముందు నేల మీద ఉంటాయి.

నేల మీదే వాటిని సరిదిద్దే పద్ధతి ఒక్కడు కనిపెట్టింది కాదు. ఇటలీవాళ్ళు వాడిన కావలెట్టీలు, అంటే రెండు కొసలా ఇంటూ గుర్తు ఆకారపు కాళ్ళున్న పొట్టి కర్రలు, జర్మనీ చేరాయి. అక్కడ గెరినియేర్ వారసత్వపు క్రమశిక్షణతో కలిశాయి. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో జర్మనీ గుర్రపుస్వారీలో ఉన్న ఆరు స్వర్ణాలూ గెలిచింది. దాని వెనక హానోవర్ ఆశ్వికదళ పాఠశాల ఉంది. అక్కడ చదివిన హంగరీ అధికారి బెర్తాలాన్ ద నేమెతీ ఈ రెండు ధారలనూ ఒకచోటికి తెచ్చిన మనిషి. 1911లో పుట్టాడు. రెండో ప్రపంచయుద్ధం ఆయన దేశాన్నీ కొలువునూ రెంటినీ తుడిచిపెట్టాక 1952లో అమెరికా చేరాడు, 1955 నుంచి 1980 దాకా అక్కడి జంపింగ్ జట్టుకు శిక్షకుడిగా ఉన్నాడు. ఆయన చేరేనాటికి అమెరికా సైన్యం తన గుర్రపు జట్టును రద్దు చేసి కొన్నేళ్ళయింది. వచ్చిన శిష్యులు సైనికులు కాదు, యువ పౌరులు. వచ్చిన గుర్రాలు కూడా చాలావరకు దూకడానికి పెంచినవి కావు, పరుగు పందాల కోసం పెంచిన థరోబ్రెడ్లు. తలొంచి, చదునుగా, భుజాల మీద బరువేసి ఉరకడానికి తరతరాలుగా ఏరి పెంచిన జాతి. ముందు కాళ్ళ సమస్య ఇంతకన్నా ముదిరిన చోటు ఉండదు. నేమెతీ కంచెల ఎత్తు పెంచలేదు. ముందు చదును నేల మీద గుర్రాన్ని సమతూకంలోకి తెచ్చాడు. తర్వాత రౌతు లేకుండా పొడుగాటి తాడు మీద కావలెట్టీలు నడిపించాడు. ఆపైన కొలతల ప్రకారం వరసగా పేర్చిన చిన్న చిన్న అడ్డుల మీదుగా తీసుకెళ్ళాడు. రోమ్‌లో 1960లో జట్టుకు రజతం వచ్చింది. 1968లో మెక్సికోలో విలియం స్టైన్‌క్రాస్ స్నోబౌండ్ మీద వ్యక్తిగత స్వర్ణం గెలిచాడు, గుర్రపుస్వారీలో అమెరికాకు అదే తొలి వ్యక్తిగత స్వర్ణం. ఆ స్నోబౌండ్ కూడా పందెపు మైదానం వదిలి వచ్చిన థరోబ్రెడ్డే.

ఆ వరసల్లో ఉన్న తెలివి వివరంగా చెప్పుకోదగ్గది. గుర్రం క్యాంటర్ (మోస్తరు దౌడు) అంగ పోటీ మైదానంలో సుమారు 12 అడుగులు. దూకుడు కూడా ఒక పెద్ద క్యాంటర్ అంగే. ఒక మోస్తరు కంచెకు ఆరడుగుల ముందు లేచి ఆరడుగుల అవతల దిగుతుంది. కాబట్టి రెండు కంచెల మధ్య 24 అడుగులుంటే నడుమ ఒక్క అంగ హాయిగా పడుతుంది. ట్రాట్‌లో (అంటే పరుగు నడకలో) వచ్చే గుర్రానికైతే 18 అడుగులు చాలు. ఈ లెక్క తెలిసిన శిక్షకుడు కర్రను అరడుగు జరిపి గుర్రం చేత కావలసిన పని చేయించగలడు. మొదటి కంచెకు 9 అడుగుల ముందు నేల మీద ఒక కర్ర పడేస్తే, ట్రాట్‌లో వచ్చిన గుర్రం దాన్ని దాటి ప్రతిసారీ ఒకే చోటినుంచి లేస్తుంది. మరీ దూరం నుంచో మరీ దగ్గరి నుంచో లేచే పొరపాటుకు తావుండదు. రెండు కర్రలను ఇంటూ ఆకారంలో నిలబెడితే నడుమ పల్లం గుర్రాన్ని మధ్యకు లాగుతుంది, రెండు పక్కలా లేచిన కర్రలు రెండు మోకాళ్ళనూ సమానంగా ఎత్తిస్తాయి. దిగిన వెంటనే మళ్ళీ లేవాల్సిన బౌన్స్ కంచెలు పది పదకొండు అడుగుల ఎడంతో మూడో నాలుగో పెడితే, ముందు కాళ్ళు నేలను తాకీ తాకగానే తన్ని లేచే చురుకుదనం వస్తుంది. భుజాలకు అదే కసరత్తు. ఒంటి అంగ దూరాన్ని కాస్త కుదిస్తే గుర్రం బరువు వెనక్కి తీసుకోక తప్పదు, భుజం పైకి లేవక తప్పదు. చివరగా రెండు కర్రల వెడల్పు కంచె. మొదట ముందు కర్ర తక్కువ ఎత్తులో, గుర్రానికి క్షమించే గుణంతో ఉంటుంది. తర్వాత రెండూ సమానమవుతాయి, అప్పుడిక సోమరి మోకాలికి మన్నింపు లేదు. ఎక్కడా రౌతు గుర్రానికి కాలెత్తమని చెప్పలేదు. చెప్పాలన్నా ఆ అర క్షణంలో చెప్పే సాధనం అతనికి లేదు. అతను చేయవలసిందల్లా ముందే పైకి వాలిపోకుండా, నోరు పట్టి లాగకుండా మధ్యలో నిలకడగా ఉండడం. కాప్రిల్లీ చెప్పిన సగం ఇక్కడ తన చోటు చేరింది. కర్రల మధ్య దూరం తప్పు కొలిస్తే మాత్రం ఇదే వరస గుర్రాన్ని హడలగొట్టి చెడగొడుతుంది. అందుకే మంచి శిక్షణశాలలో కొలటేపుకు జీనుతో సమానమైన మర్యాద.

ఈ నిదానపు మార్గానికి పక్కనే ఒక అడ్డదారి ఎప్పుడూ ఉంది. గుర్రం కంచె మీద ఉన్నప్పుడు కర్రను చటుక్కున ఎత్తి దాని కాళ్ళకు కొట్టడం. దీన్ని రాపింగ్ అంటారు. ఒకప్పుడు వెదురు కర్రతో, కొన్నిచోట్ల ఇనుప గొట్టంతో, పెద్దగా దాపరికం లేకుండా చేసేవారు. నొప్పి గుర్తున్న గుర్రం మరుసటిసారి మోకాళ్ళు ఎత్తుతుందన్నది వాదన. ఇది పనిచేయదని ఎదురువాదించడం నిజాయితీ కాదు. పోటీ ఉదయాన చేస్తే మధ్యాహ్నానికి ఫలితం కనిపిస్తుంది, లేకపోతే ఇన్నేళ్ళు ఎవరూ చేసేవారు కాదు. కానీ అది నేర్పేది ఏమిటి? కర్ర అంటే భయం. ఎక్కడినుంచి లేవాలో, బరువు ఎటు తీసుకోవాలో, భుజం ఎలా వదలాలో అది చెప్పదు. భయపడిన గుర్రం వీపు బిగబట్టి అవసరానికి మించి ఎగురుతుంది, అలిసిపోతుంది, కొన్నాళ్ళకు కంచె ముందు నిలబడిపోతుంది. నొప్పి ప్రభావం మందగిస్తే మోతాదు పెంచాలి. 1990లో జర్మనీలో ఒక పేరున్న శిక్షణశాలలో రాపింగ్ జరుగుతున్న వీడియో టీవీలో వచ్చి పెద్ద దుమారం లేచింది. అంతర్జాతీయ సమాఖ్య నిబంధనలు దాన్ని నిషేధిస్తున్నాయి. అయినా ఆ ఆలోచన చావలేదు, రూపం మార్చుకుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో గుర్రపు పోటీలు హాంకాంగ్‌లో జరిగితే, కొన్ని గుర్రాల నమూనాల్లో క్యాప్సైసిన్ బయటపడింది. మన గుంటూరు మిరపకాయకు ఘాటిచ్చే పదార్థమే అది. నొప్పి మందుగానూ వాడతారు, చర్మాన్ని మంట పుట్టేలా సున్నితం చేయడానికీ పనికొస్తుంది. నార్వే జట్టు గెలిచిన కాంస్యం ఆ కారణంగానే వెనక్కి పోయింది. కాళ్ళకు నేరుగా చెప్పబోవడమనే పాత పొరపాటుకు ఇది రసాయన రూపం.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది, దాన్ని తేలిగ్గా తోసేయలేం. ముందు కాళ్ళ పనితనం పుట్టుకతో వచ్చేది, శిక్షణ దానికి మెరుగు పెడుతుందే గానీ మార్చదు అంటారు పెంపకందారులు. వాళ్ళ వైపు సాక్ష్యం ఉంది. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 40 డచ్ వార్మ్‌బ్లడ్ జాతి గుర్రప్పిల్లలను ఆరు నెలల వయసు నుంచి ఐదేళ్ళ దాకా గమనించారు. సగం పిల్లలకు చిన్ననాటి నుంచే దూకడం నేర్పారు, సగాన్ని మామూలుగా పెంచారు. పిల్లగా ఉన్నప్పటి దూకుడు తీరులోని లక్షణాలు చాలావరకు నాలుగేళ్ళ వయసులో కూడా కనిపించాయి. ముందే శిక్షణ పొందినవి నాలుగేళ్ళప్పుడు మరింత పొదుపుగా దూకాయి గానీ, అన్నిటికీ ఒక ఏడాది గట్టి శిక్షణ ఇచ్చాక ఐదేళ్ళకు ఆ తేడా దాదాపు మాయమైంది. ఎత్తు పోటీలో కూడా వాటికి ఆధిక్యం రాలేదు. దీన్ని చదివి వ్యాయామాలన్నీ దండగ అని తేల్చేవాళ్ళున్నారు. ఫలితాన్ని మరోసారి చూడండి. తొందరపడి మొదలుపెట్టినందువల్ల లాభం లేదని అది చెబుతోంది, వ్యాయామం వల్ల లాభం లేదని కాదు. వెనకబడిన సగం ఏడాది పనితోనే ముందున్న సగాన్ని అందుకుంది కదా. మోకాలు ఎంత బిగువుగా మడవగలదన్న హద్దు పుట్టుకలో ఉండవచ్చు. ఆ హద్దు దాకా ప్రతి కంచె మీదా చేరుతుందా లేదా అన్నది లేచే చోటు మీద, సమతూకం మీద, భుజాల బలం మీద, పైనున్న మనిషి చేతుల మీద ఆధారపడుతుంది.

ఎత్తు రికార్డు చరిత్ర కూడా ఈ వాదనలో ఇరువైపులా పనికొస్తుంది. 1949 ఫిబ్రవరి 5న చిలీలోని వీన్యా దెల్ మార్‌లో కెప్టెన్ అల్బెర్తో లార్రాగీబెల్ ఉవాసో అనే గుర్రం మీద 2.47 మీటర్లు దాటించాడు. ఇప్పటికీ దాన్ని ఎవరూ దాటలేదు. అది కూడా పందేల్లో పనికిరాదన్న థరోబ్రెడ్. దాని పుట్టుకలో అంత శక్తి ఉందని ఒప్పుకోవలసిందే. అయితే ఆ శక్తి పందెపు మైదానంలో ఎవరి కంటా పడలేదు, వేరేచోట వేరే చేతుల్లో పడ్డాకే బయటికొచ్చింది. 1984 లాస్ ఏంజిల్స్ ఒలింపిక్స్‌లోనూ ఇదే చూశాం. జో ఫార్గిస్ ఎక్కిన టచ్ ఆఫ్ క్లాస్ అనే థరోబ్రెడ్ ఆడగుర్రం అంతకు ముందు పందేల్లో నెగ్గుకురాలేకపోయింది, జంపింగ్ గుర్రాల్లో చిన్నదే. ఆ ఒలింపిక్స్‌లో దూకిన 91 అడ్డుల్లో 90 తాకకుండా దాటి వ్యక్తిగత స్వర్ణం, జట్టు స్వర్ణం రెండూ తెచ్చింది. ఆ మైదానాన్ని రూపొందించింది నేమెతీ. సొంత శిష్యులకు అనువుగా పెట్టాడని అనడానికి వీలుంది. అయితే ఆ కొలతలు అందరికీ ఒకటే. జట్టు రజతం బ్రిటన్‌కూ కాంస్యం పశ్చిమ జర్మనీకీ వెళ్ళాయి.

ఇప్పుడు యూరప్‌లో రాసిపెట్టే పెంపక పట్టీల్లో, ముఖ్యంగా డచ్ పెంపకందారుల సంఘం పట్టీలో, కుర్ర గుర్రాల ముందు కాళ్ళ తీరుకు విడిగా మార్కులు ఉంటాయి. మూడేళ్ళ గుర్రాన్ని రౌతు లేకుండా కంచెల సందులోకి వదిలి, అది దూకే తీరు చూసి వేస్తారు. పుట్టుకను కొలిచే పరీక్ష ఇదేనని పెంపకందారులు చెబుతారు. ఆ సందులో ముందు ఒక చిన్న ఇంటూ కంచె ఉంటుంది, తర్వాత ఒక నిలువు కంచె, ఆ తర్వాతే అసలైన వెడల్పు కంచె. వాటి మధ్య దూరాలు గుర్రం అంగకు తగ్గట్టు టేపు పెట్టి కొలిచినవి. గుర్రం తడబడితే మనుషులు వచ్చి కర్రను కొద్దిగా జరిపి మళ్ళీ వదులుతారు. మొదటి రెండు కంచెలు తీసేసి, నేరుగా మూడోదాని మీదికి తోలి మార్కులు వేయమంటే వాళ్ళలో ఎవరూ ఒప్పుకోరు.